తూగుమాను ఎక్కిన నీటికుక్క

“సెలయ్యా, ఈ మడుగు గడ్డకట్టినన్నాళ్ళూ నువ్వు మావాడివే. నిన్ను ఇంకో మడుగుకి ఇచ్చే రోజే వస్తే, నా తోక నేనే కోసి ఈ మంచులో పాతేస్తాను.”

ఈ మాట అన్నది నక్క పింగళయ్య. చాటుగా అన్నది కాదు. పై మడుగు నడిమధ్యన, గట్టిపడిన మంచు మీద నిలబడి, కొండంతా వింటుండగా అన్నాడు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు కుందేలు దూదయ్య. ఆ చప్పట్లు గుర్తొస్తే అతనికి ఇప్పటికీ ముందుకాళ్ళు మండుతాయి.

పై మడుగు మంచుకొండల్లో ఉంది. దేవదారు చెట్లు కూడా ఎక్కలేక కిందే ఆగిపోయిన ఎత్తు అది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా దిగితే కింది మడుగు వస్తుంది. చలికాలం వస్తే రెండు మడుగుల వాళ్ళకీ ఒకటే లోకం, మంచు మీద బిళ్ళాట. వంకర కర్ర పట్టుకుని, నల్లటి చెక్కబిళ్ళను మంచు మీద జారిస్తూ, అవతలివాళ్ళ రెండు రాళ్ళ మధ్య ఉన్న వాకిట్లోకి పంపాలి. చూడటానికి చిన్న ఆటే, దాంట్లో పోయే పరువు మాత్రం పెద్దది. కార్తీకం నుంచి మంచు కరిగేదాకా ఎవరూ ఎవరినీ తినకూడదన్నది కట్టుబాటు. మంచు కరిగాక ఎవరి కాళ్ళే వాళ్ళకు దిక్కు.

పై మడుగు జట్టుకి ప్రాణం నీటికుక్క సెలయ్య. పొట్ట మీద పడి జారాడంటే ఎక్కడ తేలతాడో బిళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. ఆ బిళ్ళకి తెలిసేలా చేసేవాడు దూదయ్య. ఒడ్డు వెంట గెంతుతూ బిళ్ళను తెచ్చి, తలైనా ఎత్తకుండా, ఎడమవైపున ఉన్న పగిలిన బండ దిక్కుకి నెట్టేసేవాడు. చూడాల్సిన పని లేదు. సెలయ్య అక్కడ ఉంటాడు. ఏనాడూ లేకుండా పోలేదు.

దూదయ్యకి ఇంకో విద్య కూడా ఉంది. ఏటా వసంతంలో దక్షిణాది నుంచి తిరిగొచ్చే వలస బాతులు అక్కడి చెరువుగట్ల మీద విన్న నినాదాలు మోసుకొచ్చేవి. వాటన్నిటినీ అతను కంఠతా పట్టాడు. ఒకసారి బండెక్కి “దున్నేవాడిదే భూమి!” అని అరిచాడు. కింద గడ్డి మేస్తున్న జడల బర్రె జడమ్మ నెమరు ఆపింది.

“ఇక్కడ దున్నేవాడెవడు నాయనా? నా మెడ మీద కాడే లేదు కదా.”

“అది సూత్రం అత్తా. మన పరిస్థితులకి అన్వయించుకోవాలి.”

“తప్పకుండా అన్వయించు. కాకపోతే నీ కాళ్ళ కింది మట్టి నా మేతలో రాలుతోంది, కాస్త పక్కకి జరిగి అన్వయించు.”

అన్వయించగా అన్వయించగా “ఆడేవాడిదే మంచు!” అని తేలింది. అది దూదయ్యకి తెగ నచ్చింది. పొద్దున లేస్తే అదే, పడుకోబోతే అదే. ఆట జరిగినంతసేపూ మాత్రం నోట్లో కర్ర ఉండేది కాబట్టి మడుగు ప్రశాంతంగా ఉండేది. ఆ మాట అని నవ్వగలిగినవాడు సెలయ్య ఒక్కడే. వాడు అంటే దూదయ్యకి కోపం రాదు.

కిందటి చలికాలం చివరి ఆటలో పై మడుగు ఓడిపోయింది. సెలయ్య వేయాల్సినన్ని గోల్స్ వేశాడు. వాకిలి కాసిన కొండకోడి మాత్రం బిళ్ళ వచ్చిన ప్రతిసారీ రెక్కలు బారజాపి, కళ్ళు గట్టిగా మూసుకుంది. ఆ రోజు నుంచి పింగళయ్యకి నిద్రలో కూడా వాకిలే.

కార్తీకంలో, ఇంకా మంచు పట్టకముందే, కింది మడుగు పెద్ద తోడేలు బూదయ్య కొండెక్కి వచ్చాడు.

“పింగళయ్య బావా, కులాసానా?”

“మీ దయ బూదయ్య బావా. గెలిచిన నోరు కదా, పలకరింపు మరీ తియ్యగా ఉంది.”

“మా గెలుపుదేముంది, అంతా మీ కొండకోడి చలవ. అది కళ్ళు తెరిచి ఉంటే మేమీపాటికి తలలు దించుకుని తిరిగేవాళ్ళం. నిజం చెప్పండి, మీకు కావలసింది వాకిలి కాసేవాడు. అవునా, కాదా?”

“ఎవరికి అక్కర్లేదు?”

“మా దగ్గరొక ఎలుగుబంటి ఉన్నాడు. గండప్ప అంటారు. రెండు రాళ్ళ మధ్య కూర్చున్నాడంటే గాలి కూడా పక్కదోవ వెతుక్కోవాలి. మీకిచ్చేస్తాను.”

పింగళయ్య చెవులు నిక్కాయి. “ఊరికేనా?”

“ఊరికే అయితే బంధుత్వం ఏం నిలుస్తుంది బావా? మీ నీటికుక్కని అలా కిందికి పంపండి, సరిపోతుంది.” తోడేలు కాసేపు ఆగి, మనసు కష్టపెట్టుకున్నట్టు నిట్టూర్చాడు. “మావాళ్ళు ఒప్పుకోవడం లేదు. అంత పెద్ద జంతువుని ఇచ్చి ఇంత చిన్నదాన్ని తెచ్చుకుంటావా, మతి పోయిందా అంటున్నారు. అయినా మీ మొహం చూసి... సరే, ఇంకో మాట కూడా. వచ్చే వసంతంలో మా గుహలో పుట్టే పిల్లల్లో మొదటిది మీ జట్టుకే.”

ఎలుగుబంట్లు పై మడుగు ఎత్తులో ఉండవు. ఎప్పుడో ఎండాకాలంలో దుంపల కోసం ఎక్కి వచ్చిన ఎలుగును దూరం నుంచి చూసి గుటకలు మింగడం వరకే అక్కడివాళ్ళకి తెలుసు. పింగళయ్య గుటకలు మింగుతూనే సభ పెట్టాడు.

“లెక్క చూడండి,” అన్నాడు అతను, జడమ్మ చుట్టూ మూగిన జంతువులతో. “గోల్ వేసేవాడు పోతే ఇంకొకడు నేర్చుకుంటాడు. వాకిలి లేకపోతే ఎంతమంది వేసినా నీళ్ళపాలే. సెలయ్యకి కూడా వయసు వస్తోంది. కిందటేడు రెండుసార్లు బిళ్ళ అందుకోలేదు.”

“ఆ రెండుసార్లూ మంచు చిట్లింది!” దూదయ్య ఎగిరి ముందుకొచ్చాడు. “అయినా, మీరిచ్చిన మాటో? తోక కోసుకుంటానన్నారే?”

“అప్పటి పరిస్థితి వేరు అబ్బాయ్.”

“పరిస్థితి మారితే మాట మారుతుందా?”

“మాట మారదు. మాట వెనకున్న ఉద్దేశం ముఖ్యం. నా ఉద్దేశం పై మడుగు బాగు.” పింగళయ్య తోకను కాళ్ళ కిందికి లాక్కుని దాని మీదే కూర్చున్నాడు.

“ఆ తోడేలు పిల్ల సంగతేమిటి?” అంది కొండకోడి, సందులో తన వాకిలి సంగతి మరుగున పడుతుందని. “మన జట్టులో తోడేలు ఆడితే దూదయ్యలాంటివాళ్ళు ఎక్కడ ఆడాలి?”

“దాని కడుపులో,” అంది జడమ్మ.

అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే సభ ముగిసిపోయింది. నవ్వు అయ్యాక ఎవరూ సెలయ్య వైపు చూడలేదు. అతను ఒడ్డున కూర్చుని, తన గుంత అంచు మీది గడ్డిని ఒక్కొక్కటే పీకి నీళ్ళలో వేస్తున్నాడు. మడుగులోకి దిగడానికి, పైకి రావడానికి నీటికుక్కకి ఆ గుంతే వాకిలి. అది గడ్డకట్టి మూసుకుపోతే ఇల్లు మూసుకుపోయినట్టే. చలికాలమంతా రోజూ దిగుతూ ఎక్కుతూ అతను దాన్ని తెరిచి ఉంచేవాడు.

కొండ మీద ఏ మార్పిడి జరిగినా తూగుమాను దగ్గరే జరగాలి. ఎప్పుడో పిడుగుపడి కూలిన దేవదారు దుంగ అది. నడుమున బండ ఉంది, రెండు కొసలూ గాలిలో ఉంటాయి. దుంపలిచ్చి ఎండుగడ్డి తీసుకున్నా, ఊలిచ్చి కాయలు తీసుకున్నా ఒక కొసన ఇది, ఒక కొసన అది. కిందికి దిగిన కొసలోది ఎవరికి దక్కితే వాళ్ళకి లాభం. ఒక్కటే నియమం. తూగుమాను మీద ఉన్నది మాట్లాడకూడదు. దుంపలు ఎప్పుడూ మాట్లాడలేదు కాబట్టి ఆ నియమం ఎందుకు పుట్టిందో ఎవరూ అడగలేదు. దాన్ని తప్పినవాళ్ళూ లేరు. ప్రాణమున్నదాన్ని ఆ మాను ఎక్కించడం అదే మొదలు.

సభ జరిగిన వారానికి, పొద్దు బాగా ఎక్కాక బూదయ్య గండప్పను వెంటబెట్టుకుని వచ్చాడు. ఎంత లావున్నాడంటే నడుస్తుంటే ఒళ్ళు ఒకవైపు, తను ఒకవైపు పోతున్నట్టుంది. కొండంతా నోరు తెరిచింది. పింగళయ్య కళ్ళలో రెండు రాళ్ళ వాకిలి నిండుగా కనిపించింది.

గండప్ప ఒక కొసన ఎక్కాడు. దుంగ మూలిగింది.

“అయ్యా,” అన్నాడు ఎలుగుబంటి మొహమాటంగా, “ఒక సంగతి. పుష్యం వచ్చిందంటే నేను...”

“ఉష్!” అన్నాడు పింగళయ్య. “మాను మీద మాట కూడదు తమ్ముడూ. మా ఆచారం.”

“మంచి ఆచారం,” అన్నాడు బూదయ్య. “ఇంత మంచి ఆచారం మా కింద లేదు.”

ఎలుగు పక్కన పుట్టబోయే తోడేలు పిల్లకి బదులుగా ఒక గుండ్రాయి పెట్టారు. రెండో కొసకి సెలయ్యను పిలిచారు.

సరిగ్గా అప్పుడే దూదయ్య పక్కనున్న బండెక్కాడు. వారం రోజులుగా కూడబెట్టుకున్నదంతా ఒక్కసారిగా పొంగింది.

“మిత్రులారా! ఆలోచించండి! ఆటగాడు సరుకా? చెమటకి తూకమా? ఇవాళ సెలయ్య, రేపు మనమే! ఒకడికి తగిలిన దెబ్బ అందరికీ తగిలినట్టే! ఆడేవాడిదే మంచు! ఆడేవాడిదే...”

బాగా మాట్లాడాడు. బాతులు వింటే మెచ్చుకునేవి. చెవులు ఎర్రబడి, గొంతు జీరపోయి, జనం వైపు తిరిగి, ఒక్కొక్కరి కళ్ళలోకి చూస్తూ మాట్లాడాడు. జనం వైపు తిరిగాడు కాబట్టి అతని వీపు తూగుమాను వైపు ఉంది.

ఆ వీపు వెనక సెలయ్య దుంగ ఎక్కాడు. ఎక్కుతూ దూదయ్య వైపు చూశాడు. నోరు కొంచెం తెరిచాడు. చెప్పడానికి అతని దగ్గర ఏదో ఉంది. దూదయ్య తిరిగి చూసేసరికి సెలయ్య నోరు మూసుకుంటున్నాడు. అంతవరకే చూశాడు.

దుంగ ఎలుగుబంటి వైపు దబ్బున దిగింది. సెలయ్య ఇంత ఎత్తున గాలిలో వేలాడాడు, చేతిలో కర్ర పట్టుకుని.

“లాభం! ఎంత లాభమో చూశారా!” అని పింగళయ్య గంతులేశాడు. మాటిచ్చిన నోరే అది. తోక ఊపుతూ గంతులేశాడు.

దూదయ్య దిగువ బాట మొదటి మలుపు దాకా పరిగెత్తాడు. “ఒరేయ్, ఇది ఇంతటితో అయిపోలేదు! పోరాడతాం! పోరాటం ఆగదు!”

సెలయ్య ఆగాడు. అతని మీసాల మీద అప్పటికే మంచు నూగు పట్టింది.

“సరేలేరా,” అన్నాడు. “గుంత మూసుకుపోకుండా చూడు.”

అతను బూదయ్య వెనకాలే దిగిపోయాడు.

మార్గశిరంలో మంచు గట్టిపడింది. ఆట మళ్ళీ మొదలైంది. దూదయ్య రోజూ తెల్లారగానే ఒడ్డుకి వచ్చేవాడు. ముందు గుంత దగ్గరికి వెళ్ళేవాడు. దాని మీద పలచగా పేరుకున్న మంచుపెచ్చును కర్రతో పొడిచి పగలగొట్టి, ముక్కలు ఏరి పక్కకి తోసేవాడు. కింద నల్లటి నీళ్ళు కనిపించేవి. కాసేపు ఆ నీళ్ళవైపు చూసేవాడు. కుందేలుకి నీళ్ళంటే భయం. అయినా చూసేవాడు.

తర్వాత బిళ్ళ తీసుకునేవాడు. ఒడ్డు వెంట గెంతి, తల ఎత్తకుండా, ఎడమవైపు పగిలిన బండ దిక్కుకి నెట్టేవాడు. బిళ్ళ జారుతూ జారుతూ బండ పక్కనుంచి పోయి, అవతలి మెత్తటి మంచులో కూరుకుపోయేది. వెళ్ళి, తవ్వి, తెచ్చుకుని, మళ్ళీ నెట్టేవాడు. జట్టులో కొత్తగా చేర్చుకున్న కొండమేకలు “ఇటివ్వు, ఇటివ్వు” అని అరిచేవి. అటు ఇవ్వాలనే అనుకునేవాడు. కాలు వినేది కాదు.

ఇప్పుడు నోట్లో కర్ర లేనప్పుడు కూడా అతను మాట్లాడటం లేదు. మొదట అందరికీ హాయిగా అనిపించింది. కొన్నాళ్ళకి అదో వెలితిలా తోచింది. జడమ్మే ఒకరోజు ఉండబట్టలేక, “ఏరా, భూమి ఎవరిదని?” అని కదిపింది.

“ఏమో అత్తా,” అన్నాడు దూదయ్య, మంచులోంచి బిళ్ళ తవ్వుకుంటూ. “వాడు ఆ రోజు నాతో ఏదో చెప్పబోయాడు. ఏం చెప్పబోయాడంటావు?”

“నాకెలా తెలుస్తుంది? నువ్వు అడగలేదూ?”

“నేను ప్రసంగిస్తున్నాను.”

జడమ్మ నెమరు వేయడం ఆపేసింది.

ఎలుగుబంటి గండప్ప మంచివాడు. మార్గశిరమంతా వాకిట్లో కూర్చున్నాడు, బిళ్ళ తగిలితే నొప్పి అని కూడా అనలేదు. పింగళయ్య ఉబ్బితబ్బిబ్బయ్యాడు. కానీ పుష్యం వచ్చిన దగ్గర్నుంచి ఎలుగు ఆవులింతలు మొదలుపెట్టాడు. ఒకరోజు బిళ్ళ తన పొట్టకి తగిలి ఆగితే “ఎవరదీ?” అన్నాడు. ఇంకోరోజు ఆట మధ్యలో లేచి, రాళ్ళ కింద బొరియ వెతుక్కుని, అందులో దూరి, ముడుచుకుని పడుకున్నాడు. మళ్ళీ లేవలేదు.

చెవిలో అరిచారు. ముక్కు మీద మంచు పోశారు. కొండకోడి వీపెక్కి రక్కింది. ఎలుగు ఒక కన్ను సగం తెరిచాడు.

“మంచు కరిగాక లేపండి,” అన్నాడు.

“మంచు కరిగాక ఆటెక్కడిది!” పింగళయ్య గొంతు చీలిపోయింది. “ముందే ఎందుకు చెప్పలేదయ్యా?”

“చెప్పబోయాను. మాను మీద మాట కూడదన్నారు.” ఎలుగు కన్ను మూతపడుతోంది. “అడిగి ఉంటే చెప్పేవాణ్ణి. మా వంశమంతా ఇంతే. అంత తిండి తిని లావెక్కింది పడుకోవడానికే కదా.”

పింగళయ్య మొహం చూడాల్సిందే. అయితే నక్క నక్కే. “నిద్రపోతే పోయాడు, వాకిలి నిండుతుంది కదా!” అన్నాడు. పుష్య పౌర్ణమి నాడు మిట్టమధ్యాహ్నం, కింది మడుగు జట్టు ఆటకి వచ్చేసరికి, నాలుగు జడల బర్రెలు గండప్పను దొర్లించుకుంటూ తెచ్చి రెండు రాళ్ళ మధ్య నిలిపాయి. కానీ పడుకున్న ఎలుగు ముడుచుకుంటుంది. ముడుచుకున్నవాడు వాకిట్లో ఒక మూలకే సరిపోయాడు. మిగతా వాకిలంతా ఆకాశంలా తెరుచుకుని ఉంది.

బూదయ్య ఒడ్డున కూర్చుని, “బావా, మావాడు కులాసానా?” అని కేకేశాడు.

దూదయ్య అవేమీ వినలేదు. కింది మడుగు జట్టులో, అందరికంటే చివరన, సెలయ్య నిలబడి ఉన్నాడు. చిక్కాడు. ఇటు చూడటం లేదు.

ఆట మొదలైంది. తోడేళ్ళు గోల్ వేశాయి, కొండమేకలు గోల్ వేశాయి. ఎలుగు గురక పెట్టాడు. సెలయ్య మంచు మీద ఉన్నాడే గానీ తోడేళ్ళెవరూ అతనికి బిళ్ళ అందివ్వడం లేదు. అంత మాయగా జారేవాడు ఎటు తేలతాడో వాళ్ళకి అంతుపట్టలేదు. అతను అటూ ఇటూ ఒంటరిగా జారుతూ, ఎవరూ పంపని బిళ్ళకోసం ఎదురుచూస్తున్నాడు. దూదయ్య అది చూశాడు. పగిలిన బండ పక్కన మంచులో బిళ్ళ తవ్వుకున్న తన తెల్లవారుజాములన్నీ గుర్తొచ్చాయి.

సరిసమానంగా ఉన్నారు. పొద్దు వాలడానికి ఇంకా కొంచెమే ఉంది. బిళ్ళ దూదయ్యకి దొరికింది. ఒడ్డు వెంట గెంతాడు. కొండమేకలు అరుస్తున్నాయి. తోడేలొకటి మీదికొస్తోంది. అతను తల ఎత్తలేదు. కాలు తనకి తెలిసిన పనే చేసింది. బిళ్ళను ఎడమవైపు పగిలిన బండ దిక్కుకి నెట్టేసింది.

సెలయ్య అక్కడ ఉన్నాడు.

అతని కాలు కూడా తనకి తెలిసిన చోటికే వెళ్ళింది. బిళ్ళ చలికాలమంతా ఎదురుచూసిన కర్రకి వచ్చి ఆనుకుంది. ఒంట్లో ఉన్న అలవాటంతా ఒక్కసారి లేవగా, పొట్ట మీద పడి జారి, సెలయ్య బిళ్ళను విసిరాడు. అది నేరుగా పై మడుగు వాకిట్లోకి, గురక పెడుతున్న ఎలుగు పక్కనుంచి, దూరిపోయింది.

తోడేళ్ళు ఊళలు పెట్టాయి. కింది మడుగు గెలిచింది.

మంచు మీద ఇద్దరే కదలకుండా ఉండిపోయారు. ఇద్దరి మధ్యా బిళ్ళ జారిన గీత మెరుస్తోంది. ఆ ఆట అంతటిలోనూ అంత అందమైన బిళ్ళ ఇంకోటి పడలేదని ఇద్దరికీ తెలుసు. అది తప్పు వాకిట్లో పడింది.

“గుంత...” అన్నాడు సెలయ్య.

“మూసుకోలేదురా.”

సెలయ్య నోరు మళ్ళీ తెరిచాడు. “దూదీ, ఆ రోజు నేను...”

“పద పద,” అని బూదయ్య అతని మెడ పట్టి తిప్పాడు. “మా ఊళ్ళో మాను లేదు గానీ, ఆచారం నచ్చి మేమూ పెట్టుకున్నాం. తూకానికొచ్చినవాళ్ళు మాట్లాడకూడదు.”

పింగళయ్య తోడేలు వెంట పరిగెత్తాడు. “బావా! బావా! తిరగదిప్పేద్దాం. మీ ఎలుగు మీకు, మా నీటికుక్క మాకు.”

“అయ్యో, దానికేం బావా,” అన్నాడు బూదయ్య. “తీసుకెళ్ళినప్పుడు ఎంత తూగాడో అంతే తూగేలా తెచ్చివ్వండి, తీసుకుంటాను.”

పింగళయ్య వెనక్కి తిరిగి గండప్పను చూశాడు. నిద్రలో ఎలుగు సగం కరిగిపోయాడు. చర్మం సంచిలా వేలాడుతోంది. రోజురోజుకీ ఇంకా కరుగుతాడు. తోడేలు నవ్వుకుంటూ దిగిపోయాడు. నక్కకి గుండ్రాయి మిగిలింది.

మర్నాడు సభ. పింగళయ్య మొహం వేలాడేసుకుని రావాల్సింది. అలా రాలేదు. ఓటమి మోపడానికి ఒక పేరు పట్టుకుని వచ్చాడు.

“బిళ్ళను శత్రువుకి అందించింది ఎవరు? దూదయ్య! అందుకని నేనొక మార్గం ఆలోచించాను. అవతలి లోయలో ఒక ముళ్ళపంది వాకిలి బాగా కాస్తుందట. దూదయ్యను తూగుమాను ఎక్కిద్దాం.”

అందరూ దూదయ్య వైపు చూశారు. బండెక్కుతాడు, నినాదాలిస్తాడు, చెవులు ఎర్రబడతాయి అనుకున్నారు. అతను బండెక్కలేదు. నోట్లోని కర్రను తీసి తూగుమాను మీద అడ్డంగా పెట్టాడు. అరవలేదు. జనం వైపు తిరగలేదు. నక్క కళ్ళలోకి చూశాడు.

“నేనెక్కను,” అన్నాడు. “ఇకపైన ఊపిరి ఉన్నది ఏదీ దీన్ని ఎక్కదు. ఎక్కించాలనుకుంటే ముందు అడగండి. గండప్పను అడిగి ఉంటే నిద్ర సంగతి చెప్పేవాడు. సెలయ్యను అడిగి ఉంటే ఏం చెప్పేవాడో మీకు తెలియదు. నాకూ తెలియదు. అందరి తరఫునా అరిచాను గానీ, వాణ్ణి నేనూ అడగలేదు.”

“ఇప్పుడేమంటావురా?” అన్నాడు పింగళయ్య చిరాగ్గా.

“మీరు కిందికి వెళ్ళాలి. తూకం మాట ఎత్తకుండా, తోడేళ్ళందరి ముందూ సెలయ్యను అడగాలి, నువ్వు ఎక్కడ ఉంటావు, ఆ రోజు ఏం చెప్పబోయావు అని. వాడు ఏమంటే అది ఇక్కడికొచ్చి ఈ కొండంతా వినేలా చెప్పాలి. రానన్నాడా, నేను నోరెత్తను. ఆ జవాబు తెచ్చేదాకా నేను ఆడను.”

“అంత చలిలో నేనా? నక్కనా?”

“నేనూ ఆడను,” అంది కొండకోడి. దాని ఆట ఎవరికీ అక్కర్లేదు, అయినా అంది. కొండమేకలు కర్రలు కింద పెట్టాయి. జడమ్మ మెల్లగా నడిచొచ్చి దూదయ్య వెనక నిలబడింది. అది నినాదాలు ఎరగదు. నిలబడటం బాగా తెలుసు.

“తోక సంగతేమిటి?” అని ఎవరో వెనకనుంచి అన్నారు.

“తోక ఎవరికి కావాలి?” అన్నాడు దూదయ్య. “వాడి నోటిమాట తెమ్మంటున్నాను.”

పింగళయ్య చుట్టూ చూశాడు. తప్పుకునే దారి ఏ వైపూ లేదు. అడగకుండా తెచ్చుకున్నది ఎంత బరువు తూగినా, కావలసిన రోజున నిద్రపోతూనే ఉంటుంది. ఈ సంగతి అతనికి అర్థమైందో లేదో గానీ, గుండ్రాయి పక్కన కూర్చున్న అతని మొహం కూడా గుండ్రాయిలాగే ఉంది.

దూదయ్య అప్పటికే ఒడ్డు దిక్కుకి నడుస్తున్నాడు. గుంత మీద పొద్దుటి పెచ్చు గట్టిపడింది. రోజూకంటే మందంగా ఉంది. ఒంగి, కాలితో పొడిచి, విరిగిన ముక్కలు పక్కకి తోసి, నల్లటి నీళ్ళు కనిపించాక తల ఎత్తి, వెనక్కి తిరగకుండానే అన్నాడు.

“ఒక్కణ్ణే దీన్ని ఎన్నాళ్ళు తెరిచి ఉంచగలనో నాకు తెలియదు. మాఘ పౌర్ణమి దాకా ఉంచుతాను. జవాబు మాఘ పౌర్ణమి లోపు రావాలి.”